ముడుచుకున్న ముళ్ళ వెనక దూకుడు

చదరంగంలో ‘హెడ్జ్‌హాగ్’ అనే వ్యూహం ఒకటుందని నాకు ఈమధ్యే తెలిసింది. అప్పటి నుంచి కనబడ్డవాళ్ళందరికీ దాని గురించే చెబుతున్నాను. చిన్నప్పటి నుంచి ఎరిగిన ఆటలో, ఎన్నోసార్లు చూసిన ఆ 64 గళ్ళ మధ్య, ఇంత గొప్ప ఆలోచన ఒకటి కూర్చుని ఉందా అని ఇంకా ఆశ్చర్యం తీరలేదు. దాని పేరు పట్టుకుని వెనక్కి వెళితే ఆశ్చర్యం పదింతలైంది. ఆ పేరు ఒక్క చదరంగానిదే కాదు. బల్లేలు పట్టిన కాల్బలానిది, చుట్టుముట్టిన శత్రువు మధ్య నిలిచిన దళాలది, ట్యాంకులను ఆపే ఉక్కు దూలాలది, జలాంతర్గాములను వేటాడిన ఆయుధానిది కూడా!

హెడ్జ్‌హాగ్ అంటే మన అడవుల్లో తిరిగే ఏదుపంది కాదు. చూపులకు దానికి చుట్టంలా ఉంటుంది గానీ చాలా చిన్నది, దోసిట్లో ఇమిడేంత ప్రాణి. ఒంటి మీద సుమారు 5,000 ముళ్ళు. ఆపద వస్తే పరుగెత్తదు. బంతిలా చుట్టుకుని అన్ని వైపులకూ ముళ్ళు నిక్కబొడుస్తుంది. నక్క ఏ వైపు నుంచి మూతి పెట్టినా గుచ్చుకోవాల్సిందే.

ముందు చదరంగం సంగతి చెబుతాను. నల్లపావులతో ఆడే మనిషి తన నాలుగు బంట్లను ఒక్కొక్క గడి మాత్రమే ముందుకు జరుపుతాడు. ఎ6, బి6, డి6, ఇ6. ఆరో వరుసలో నాలుగు ముళ్ళు. సి-గడుల దారిలో ఉన్న బంటును ఎదుటివాడి డి-బంటుతో అప్పటికే మార్చుకుని ఉంటాడు. ఇక మంత్రి, ఏనుగులు, శకట్లు, గుర్రాలు అన్నీ ఆ బంట్ల వరుస దాటకుండా చివరి మూడు వరుసల్లోనే సర్దుకుంటాయి. ఎదురుగా తెల్లబంట్లు సి4 మీద, ఇ4 మీద ఠీవిగా నిలబడి ఉంటాయి. బోర్డులో ఎక్కువ భాగం తెల్లవాళ్ళదే. కొత్తగా చూసేవాళ్ళకు నల్లపావుల పరిస్థితి జాలిగొలిపేలా ఉంటుంది.

పాత గురువులకూ అలాగే అనిపించింది. ఇరుకున పడ్డ స్థితిలోనే ఓటమి విత్తనం ఉంటుందని జర్మన్ ఉద్దండుడు జీగ్‌బర్ట్ టారాష్ బోధించాడు. సి4, ఇ4 గళ్ళలో తెల్లబంట్లు పాతుకుపోయే ఆ అమరికకు హంగరీ ఆటగాడు గేజా మారోట్సీ పేరు పెట్టి, ‘మారోట్సీ పట్టు’ అని భయపడేవాళ్ళు. ఆ పట్టులో చిక్కితే ఊపిరాడదని చాలాకాలం నమ్మారు. 1970లలో స్వీడన్‌కు చెందిన ఉల్ఫ్ ఆండర్సన్, యుగోస్లావియా ఆటగాడు ల్యూబోమిర్ ల్యూబోయెవిచ్, హంగరీ వాడైన ఆండ్రాస్ అడోర్యాన్, రుమేనియాకు చెందిన మిహాయ్ సుబా వంటివాళ్ళు కావాలనే ఆ పట్టులోకి వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టారు. కూర్చుని గెలవడం కూడా మొదలుపెట్టారు!

ఎలా గెలిచారన్నది అర్థమైన క్షణంలోనే నేను ఈ వ్యూహానికి దాసోహమైపోయాను. నల్లపావులు ఇరుగ్గా ఉన్నాయి నిజమే, కానీ ఒకదాని కాళ్ళకు ఇంకొకటి అడ్డం పడడం లేదు. బి7లోని శకటు చూపు ఇ4 బంటు మీద ఉంటుంది. సి8లోని ఏనుగు చూపు సి4 బంటు మీద. ఇ8లో ఇంకో ఏనుగు ఇ-గడుల వెంట కాపు కాస్తుంది. గుర్రాలు రెండూ డి7లో, ఎఫ్6లో సిద్ధంగా ఉంటాయి. అంటే వెనక్కి నక్కి కూర్చున్న పావులన్నీ గురి పెట్టుకునే కూర్చున్నాయి. బి-బంటు బి5కి గానీ, డి-బంటు డి5కి గానీ ఒక్క అడుగు వేయగలిగితే చాలు, దారులన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. పందెపు పొట్టేలు నాలుగడుగులు వెనక్కి వేయడం చూసి భయపడిందనుకుంటే ఎంత పొరపాటో, ఈ ఇరుకును బలహీనత అనుకోవడమూ అంత పొరపాటే.

మరి తెల్లపావుల ఆటగాడు ఏం చేయాలి? ఇక్కడే అసలు అందం. అతని పావులన్నీ అప్పటికే మంచి మంచి గళ్ళలో ఉన్నాయి. ఇంతకంటే మెరుగైన చోటు లేదు. కానీ చదరంగంలో ‘ఈసారి నేను ఆడను’ అనే వీలు లేదు, ఏదో ఒక ఎత్తు వేయాల్సిందే. బంటును ముందుకు తోస్తే ఆ బంటు మళ్ళీ వెనక్కి రాదు, అది కాపలా కాసిన గళ్ళు శాశ్వతంగా దిక్కులేనివవుతాయి. ఈ సంగతిని సుబా 1991లో వచ్చిన తన ‘డైనమిక్ చెస్ స్ట్రాటజీ’ పుస్తకంలో తేల్చి చెప్పాడు. తెల్లపావుల అమరిక ఆదర్శంగా ఉందంటే ఇక అది బాగుపడే అవకాశం లేనట్టే అన్నది అతని వాదన. నల్లవైపు మాత్రం మెరుగయ్యే చోటు ఇంకా ఉంది. మంత్రి సి7 నుంచి బి8కి, అక్కడి నుంచి ఎ8 మూలకు చేరి, తన శకటు వెనకే నిలబడి ఇ4 మీద మరో కన్ను వేస్తుంది. అంత బలమైన పావు ఆ మూలకు వెళ్ళి కూర్చోవడం నిద్రలా కనిపిస్తుంది గానీ, అది గురి సరిచూసుకోవడం!

ఈ ఆలోచన ఎంత దూకుడైనదో చూడాలంటే 1970లో పశ్చిమ జర్మనీలోని సీగెన్‌కు వెళ్ళాలి. ఆ ఏడు చెస్ ఒలింపియాడ్ జరిగిన ఊరు అది. అక్కడే విడిగా ఏర్పాటైన ఒక ఆటలో అమెరికా ఆటగాడు బాబీ ఫిషర్ తెల్లపావులతో, 19 ఏళ్ళ ఉల్ఫ్ ఆండర్సన్ నల్లపావులతో తలపడ్డారు. ఫిషర్ మొదటి ఎత్తే బి-బంటును ఒక్క గడి జరపడం. తర్వాత ఎ, ఇ, డి బంట్లనూ ఒక్కొక్క గడే జరిపాడు. అంటే హెడ్జ్‌హాగ్‌నే తిప్పి తెల్లవైపు కట్టాడు. అందరూ ఇక మధ్యలోనో, మంత్రి వైపో ఏదో జరుగుతుందనుకునే వేళ, 13వ ఎత్తులో రాజును హెచ్1 మూలకు జరిపాడు. 14వ ఎత్తులో ఏనుగును జి1కి తెచ్చాడు. 16వ ఎత్తులో తన రాజు ముందున్న జి-బంటునే రెండు గళ్ళు ముందుకు ఉరికించాడు! రాజుకు కాపలాగా ఉండాల్సిన బంటుతో దాడి చేయడమంటే మామూలుగా తెగింపు. కానీ ఇక్కడ మధ్యలో ముళ్ళు గట్టిగా నిలబడి ఉన్నాయి గనుక, ఎదుటివాడు అటు నుంచి దెబ్బ తీయలేడు గనుక, ఆ తెగింపు సురక్షితం. ఫిషర్ గెలిచాడు. ఆ రోజు ఓడిన ఆండర్సనే తర్వాతి కాలంలో ఈ వ్యూహాన్ని లోకంలో అందరికంటే బాగా ఆడినవాళ్ళలో ఒకడయ్యాడు. ఈ ఒక్క విషయానికే నాకు ఆయన మీద ఎంత గౌరవం పెరిగిందో చెప్పలేను.

ఇక యుద్ధభూమికి వెళదాం. మధ్యయుగపు ఐరోపాలో గుర్రపు రౌతు అంటే నడిచే కోట. అతన్ని ఆపడానికి సామాన్య కాల్బలం కనిపెట్టిన ఉపాయం, దగ్గర దగ్గరగా నిలబడి పొడవాటి బల్లేలు బయటికి చాచడం. స్విస్ పల్లెల నుంచి వచ్చిన సైనికులు ఐదు మీటర్లకు పైబడిన బల్లేలతో చతురస్రాలు కట్టేవాళ్ళు. అన్ని వైపులకూ బల్లేలు చాచిన అమరికను జర్మన్‌లో ‘ఈగెల్’ అన్నారు, హెడ్జ్‌హాగ్ అనే అర్థం. 1476లో గ్రాన్‌సోన్ దగ్గర బర్గండీ పాలకుడు చార్లెస్ పంపిన అశ్వికదళం ఆ బల్లేల మీద పడి చెదిరిపోయింది. గుర్రం ఎంత శిక్షణ పొందినదైనా కదలని మొనల గుంపులోకి దూకడానికి ఇష్టపడదు. 1815లో వాటర్లూలోనూ అంతే. మార్షల్ నే నడిపిన ఫ్రెంచ్ రౌతులు బ్రిటిష్ కాల్బలపు చతురస్రాల చుట్టూ పదే పదే ముసురుకున్నారు గానీ, బాయొనెట్ల గోడలోకి గుర్రాలు చొరబడలేదు.

కానీ ముళ్ళు ఉంటే సరిపోతుందా? సరిపోదు. ఆ జవాబు స్కాట్లాండ్ చరిత్రలో 16 ఏళ్ళ తేడాతో రెండు యుద్ధాలుగా రాసి ఉంది. అక్కడ బల్లేల వలయాన్ని షిల్ట్రన్ అనేవాళ్ళు. 1298లో ఫాల్‌కిర్క్ దగ్గర విలియం వాలెస్ నాలుగు షిల్ట్రన్లు కట్టి నిలబెట్టాడు. ఇంగ్లండ్ రాజు ఒకటో ఎడ్వర్డ్ రౌతులు వాటిని ఛేదించలేకపోయారు. అప్పుడు రాజు విలుకాళ్ళను ముందుకు పంపాడు. కదలకుండా నిలబడ్డ మనుషుల మీద దూరం నుంచి బాణాల వాన కురిసింది. వలయాల్లో ఖాళీలు పడ్డాయి, ఆ ఖాళీల్లోంచి రౌతులు దూరారు. అక్కడితో స్కాట్లు ఓడారు.

1314లో బానక్‌బర్న్ దగ్గర రాబర్ట్ బ్రూస్ చేతిలో ఉన్నవీ అవే బల్లేలు, అవే గుంపులు. ఒక్కటే మార్పు. ఆయన వాటికి నడక నేర్పాడు. వాగుకూ చిత్తడి నేలకూ మధ్య ఇరుక్కున్న రెండో ఎడ్వర్డ్ సైన్యం మీదికి షిల్ట్రన్లు నడిచి వెళ్ళాయి. విలుకాళ్ళు సర్దుకునేలోపే సర్ రాబర్ట్ కీత్ తేలికపాటి రౌతులతో వెళ్ళి వాళ్ళను చెదరగొట్టాడు. ఇంగ్లండ్ సైన్యం చాలా పెద్దది, కానీ దాని గుర్రాలకు కదలడానికి చోటు లేకపోయింది. ఫాల్‌కిర్క్‌లో ఉన్నది నిలబడ్డ ముళ్ళు. బానక్‌బర్న్‌లో ఉన్నది డి5 ఎత్తు! ఈ పోలిక తట్టినప్పుడు నేను లేచి గదిలో పచార్లు చేశాను.

ఇరవయ్యో శతాబ్దంలో ట్యాంకులు వచ్చాక ఈ పేరు మళ్ళీ ప్రాణం పోసుకుంది. 1940 మేలో ఫ్రాన్స్ సేనాధిపతిగా వచ్చిన మాక్సిమ్ వేగాఁ, సోమ్, ఎన్ నదుల వెంట పొడవాటి గీత గీసినట్టు సైనికులను నిలబెట్టడం మానేశాడు. పల్లెలనూ, తోపులనూ ఒక్కొక్క ముళ్ళ బంతిగా మార్చి, నలుదిక్కులకూ తుపాకులు పెట్టించాడు. ట్యాంకులు పక్క నుంచి వెళ్ళిపోయినా లొంగకుండా, వెనక వచ్చే కాల్బలాన్ని ఆపాలని ఆజ్ఞ. జూన్ 5న జర్మన్ దాడి మొదలైనప్పుడు ఆ పల్లెలు నిజంగానే గట్టిగా పోరాడాయి, దాడి చేసినవాళ్ళకు భారీ నష్టం కలిగించాయి. అయితే ముళ్ళ బంతుల మధ్య దూరిన శత్రువును వెనక నుంచి వచ్చి కొట్టే దళాలు ఫ్రాన్స్ దగ్గర మిగల్లేదు. ముళ్ళున్నాయి, దూకే కాళ్ళు లేవు. జూన్ 14న పారిస్ జర్మన్ల వశమైంది.

రెండేళ్ళ తర్వాత రష్యాలో ఇదే పాఠం ఇంకో వైపు నుంచి బయటపడింది. 1942 ఫిబ్రవరిలో దెమ్యాన్స్క్ దగ్గర సోవియట్ సేనలు దండెత్తి వచ్చిన జర్మన్ సైన్యంలో సుమారు లక్ష మందిని చుట్టుముట్టాయి. వాళ్ళు ముళ్ళ బంతిలా ముడుచుకుని, విమానాల్లో వచ్చిన తిండీ తూటాలతో ఏప్రిల్ దాకా నిలిచారు. చివరికి బయటి నుంచి దారి ఏర్పడింది. ఈ విజయం జర్మన్ నాయకత్వం కళ్ళు కప్పింది. అదే ఏడు నవంబర్‌లో స్టాలిన్‌గ్రాడ్‌లో అంతకు రెట్టింపుకు పైగా సైన్యం చిక్కుకుంటే, విమానాలు ఉన్నాయి కదా అన్నాడు జర్మన్ వైమానిక దళాధిపతి గోరింగ్. రోజుకు 500 టన్నులని మాట ఇచ్చి, సగటున అందులో పావు వంతు కూడా చేర్చలేకపోయారు. బయటికి దూకే ప్రయత్నానికి హిట్లర్ ఒప్పుకోలేదు. 1943 ఫిబ్రవరి 2తో అంతా ముగిసింది. హెడ్జ్‌హాగ్‌కు ముళ్ళతో పాటు ఊపిరి కావాలి, లేచే వేళ కావాలి. ఈ రెండూ లేకపోతే ముడుచుకున్న చోటే సమాధి.

ఇదే ఆలోచనను ఊపిరితో, దూకుడుతో కలిపి నడిపించిన కథ మన దేశపు సైన్యానిది! బర్మా యుద్ధం మొదట్లో జపాన్ దళాలు అడవుల్లోంచి చుట్టి వెనక్కి వచ్చి దారి మూయడం, బ్రిటిష్, భారతీయ దళాలు వెనక్కి తగ్గడం పరిపాటి అయిపోయింది. జనరల్ విలియం స్లిమ్ ఆ అలవాటును మాన్పించాడు. శత్రువు మన వెనక చేరితే చిక్కుకున్నది మనం కాదు, వాడేనని తన సైనికులకు నూరిపోశాడు. ఎక్కడున్నవాళ్ళు అక్కడే నలువైపులా కాచుకోవాలి, సరుకు ఆకాశం నుంచి వస్తుంది, బయటి దళాలు వచ్చి చుట్టినవాణ్ణే చుడతాయి. ఈ అమరికను వాళ్ళు ‘బాక్స్’ అన్నారు.

1944 ఫిబ్రవరిలో అరకాన్‌లోని సిన్‌జ్వేయా దగ్గర దానికి పరీక్ష వచ్చింది. మెస్సర్వీ నాయకత్వంలోని 7వ భారత డివిజన్ వెనక భాగంలో సరుకుల స్థావరం ఉండేది. దాన్నే ‘అడ్మిన్ బాక్స్’గా మార్చారు. గుమాస్తాలు, డ్రైవర్లు, కంచరగాడిదలు తోలేవాళ్ళు కూడా తుపాకులు పట్టుకుని నిలబడ్డారు. లోపలి వైద్యశాలలోకి చొరబడిన జపాన్ సైనికులు గాయపడ్డవాళ్ళనూ వైద్యులనూ చంపేశారు. అంత దారుణం మధ్య కూడా బాక్స్ కూలలేదు. డకోటా విమానాలు ఆహారం, తూటాలు జారవిడుస్తూనే ఉన్నాయి. ఎదుటివాళ్ళ సరుకులు దోచుకుని తినవచ్చన్న లెక్కతో కొద్ది రోజుల తిండితోనే వచ్చిన జపాన్ దళాలు ఆకలితో నీరసించాయి. ఆ నెల చివరికి వాళ్ళే వెనుదిరిగారు. అదే ఏడు ఇంఫాల్‌లో ఇంకా పెద్ద ఎత్తున ఇదే జరిగింది. చుట్టూ దారులు మూసుకుపోయిన మైదానాన్ని విమానాలు బతికించాయి, జూన్ 22న కొహిమా వైపు నుంచి రోడ్డు తెరుచుకుంది. ఈ చరిత్ర మన పిల్లల పాఠాల్లో ఎంత తక్కువగా ఉందో తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

ఇక ఉక్కు ముళ్ళ కథ. 1930లలో చెకోస్లొవేకియా తన సరిహద్దు కాపాడుకోవడానికి మూడు ఉక్కు దూలాలను మధ్యలో కలిపి బిగించి, ఎటు దొర్లించినా అదే ఆకారంలో నిలబడే అడ్డంకి తయారు చేసింది. పేరు ‘చెక్ హెడ్జ్‌హాగ్’. ట్యాంకు దాన్ని తోసేస్తుందా? తోయనివ్వండి! అది దొర్లి ట్యాంకు పొట్ట కిందికి చేరి దాన్ని పైకెత్తుతుంది, పట్టాలకు నేల అందదు. నేలలో పాతిపెట్టకపోవడమే దాని బలం. పాపం, ఆ దేశానికి వాటిని వాడే అవకాశమే రాలేదు. 1938 మ్యూనిక్ ఒప్పందం సరిహద్దును యుద్ధం లేకుండానే జర్మనీకి అప్పగించింది. జర్మన్లు వాటిని తీసుకెళ్ళి ఫ్రాన్స్ తీరంలో నిలబెట్టారు. మాస్కో కాపలాలో సోవియట్లూ అలాంటివే వాడారు. నగరం శివార్లలోని ఖింకీ దగ్గర 1966లో మూడు బ్రహ్మాండమైన హెడ్జ్‌హాగ్‌లను స్మారకంగా నిలబెట్టారు. 2022లో కీవ్ వీధుల్లో అవే ఆకారాలు మళ్ళీ కనిపించాయి.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కుదిపేసిన మలుపు నార్మండీలో ఉంది. 1944 జూన్‌లో మిత్రసేనలు తీరం దిగాక, లోపలి పొలాల చుట్టూ ఉన్న ఎత్తయిన మట్టికట్టల కంచెలు ట్యాంకులకు అడ్డుపడ్డాయి. కట్ట ఎక్కితే ట్యాంకు పలుచని అడుగు భాగం శత్రువుకు కనిపించేది. కర్టిస్ క్యూలిన్ అనే అమెరికన్ సార్జెంట్ ట్యాంకు ముందు ఉక్కు కొమ్ములు బిగించి, కంచెను చీల్చుకుపోయే ఉపాయం అమలు చేశాడు. ఆ కొమ్ములకు ఉక్కు ఎక్కడిదనుకుంటున్నారు? తీరంలో జర్మన్లు నిలబెట్టిన అడ్డంకులనే కోసి తెచ్చినది! ఆపడానికి పుట్టిన ముల్లు చొచ్చుకుపోయే కొమ్మయింది. జూలై 25న మొదలైన ‘కోబ్రా’ దాడిలో ఆ ట్యాంకులు ముందుకు సాగాయి.

సముద్రంలోనూ ఇదే పేరు. సరుకు ఓడలను జర్మన్ జలాంతర్గాముల నుంచి కాపాడే బ్రిటిష్ నౌకలకు ఒక చిక్కు ఉండేది. నీటి బాంబులను ఓడ వెనక నుంచి జారవిడిచేవాళ్ళు. అందుకు జలాంతర్గామి పైకి వెళ్ళాలి, సరిగ్గా ఆ దగ్గరికి వచ్చేసరికి శబ్ద తరంగాలతో దాన్ని పసిగట్టే యంత్రానికి ఆచూకీ తప్పేది. ‘హెడ్జ్‌హాగ్’ అనే కొత్త ఆయుధం 24 చిన్న బాంబులను ఓడ ముందుకే, వలయంలా పడేలా విసిరింది. బాంబులు వెళ్ళిపోయాక మిగిలిన ఇనుప కడ్డీల వరుసలు అచ్చం ముళ్ళే. తగిలితేనే పేలతాయి గనుక, గురి తప్పితే నీరు కల్లోలం కాదు, ఆచూకీ పోదు, మళ్ళీ ప్రయత్నించవచ్చు. 1944 మేలో యూఎస్ఎస్ ఇంగ్లండ్ అనే అమెరికన్ నౌక దీంతో 12 రోజుల్లో 6 జపాన్ జలాంతర్గాములను ముంచింది. రక్షక నౌక వేటగాడైపోయింది.

ఎన్ని శతాబ్దాలు, ఎన్ని రంగాలు! అన్నిటిలో నాకు కనిపించిన నిజం ఒక్కటే. మంచి రక్షణ అంటే ఓర్చుకోవడం కాదు. ఏ వైపు నుంచి వచ్చినా ఎదుర్కొనేలా సర్దుకుని, ఊపిరి నిలుపుకుని, ఎదుటివాడి అడుగు తడబడిన క్షణంలో లేవడం. ఆ లేచే క్షణాన్ని పోగొట్టుకున్న హెడ్జ్‌హాగ్ బోర్డు మీద కూడా చస్తుంది. అతి జాగ్రత్తతో డి5ను వాయిదా వేస్తూ పోతే నల్లపావులు ఊపిరాడక ఓడిపోతాయి.

వరంగల్ నుంచి అర్జున్ ఇరిగేశి, గుంటూరు నుంచి హరికృష్ణ, హారిక వచ్చిన నేల, ప్రపంచ రాపిడ్ కిరీటం రెండుసార్లు గెలిచిన కోనేరు హంపిని కన్న నేల మనది. తెలుగు ఇళ్ళలో ఇవాళ చదరంగం బోర్డుకు కొదవ లేదు. పిల్లలకు ఆట నేర్పే ప్రతి ఒక్కరికీ నా మనవి, దాడులతో పాటు ఈ అమరికను కూడా చూపించండి. ఆ నాలుగు బంట్లను ఆరో వరుసలో పెట్టండి, పావులను వెనక సర్దండి, తెల్లవాళ్ళకు కావలసినంత చోటు ఇవ్వండి. తొందరపడకుండా ఆడుతూ, డి5 ఎప్పుడు పడుతుందో పిల్లలనే వెతకనివ్వండి. ఆ ఎత్తు సరిగ్గా కుదిరిందంటే, అంతవరకు తెల్లవాళ్ళ సొత్తులా కనిపించిన చోటంతా ఒక్క దెబ్బతో నల్లపావుల రహదారి అయిపోతుంది. చదరంగంలో దీన్ని మించిన దృశ్యం నేను చూడలేదు. మీరూ చూడండి, తప్పకుండా చూడండి!